ఆర్కిటిక్ ఫియోర్డు అడుగుకు గీసిన పటం ఎన్నేళ్లు చెల్లుతుంది?

నార్వే ఏలుబడిలోని స్వాల్‌బార్డ్ దీవుల్లో అతి పెద్దదైన స్పిట్స్‌బెర్గెన్ పడమటి తీరాన, 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, కొండల మధ్యకు చొచ్చుకొని వచ్చిన సముద్రపు పాయ పేరు కాంగ్స్‌ఫియోర్డ్. పొడవు 20 కిలోమీటర్ల పైచిలుకు, వెడల్పు 4 నుంచి 10 కిలోమీటర్లు. బయటి భాగంలో లోతు 400 మీటర్ల దాకా ఉంటే, హిమానీనదాల ముందున్న లోపలి భాగంలో 100 మీటర్లు కూడా ఉండదు. దాని దక్షిణపు ఒడ్డున ఉన్న న్యూ-ఓలెసుండ్ ఒకప్పుడు బొగ్గు గనుల ఊరు. ఇప్పుడు అది పలు దేశాల పరిశోధన కేంద్రాలున్న ఊరు. భారతదేశపు 'హిమాద్రి' కేంద్రం కూడా 2008 నుంచి అక్కడే పనిచేస్తోంది. ఆర్కిటిక్‌లో ఇంత దగ్గరగా, ఇన్నేళ్లుగా గమనించిన ఫియోర్డులు చాలా తక్కువ.

అయినా ఈ ఫియోర్డు అడుగున ఏ చోట ఏ నేల ఉంది, ఆ నేల మీద ఏయే జీవులు బతుకుతున్నాయి అన్నదానికి పటం గీయడం తేలిక కాదు. పడవలు వెళ్లలేకపోవడం, చలి, చీకటి వంటి అడ్డంకులు ఉన్నమాట నిజమే. అంతకంటే లోతైన చిక్కు మరొకటి ఉంది. ఇలాంటి పటంలో కంటితో చూసి నమోదు చేసింది చాలా కొద్ది భాగం, మిగిలినదంతా లెక్కకట్టి పూరించింది. పైగా పటం అచ్చయ్యేలోపే దాని కింద ఉన్న వాస్తవం మారుతూ ఉంటుంది. ఈ రెండు సంగతులనూ పక్కన పెట్టి రంగుల పటాన్ని చదివితే, దాన్ని గీసినవారే చెప్పని మాటలు దాని చేత చెప్పించినట్టు అవుతుంది.

ముందుగా ఈ ఆవాసాల అమరిక ఎలాంటిదో చూడాలి. కాంగ్స్‌ఫియోర్డ్‌లోకి తూర్పు నుంచి దిగివచ్చే క్రోనెబ్రీన్, కాంగ్స్‌వేగెన్ అనే రెండు హిమానీనదాలు ఒకదాని పక్కన ఒకటి చేరి సముద్రంలో ముగుస్తాయి. వేసవిలో మంచు కరిగిన నీరు హిమానీనదం అడుగు నుంచి బయటికి వచ్చి, ఉప్పునీటి కంటే తేలికైనది కాబట్టి పైకి ఎగదన్నుతుంది. అది తనతో పాటు రాయిని అరగదీసిన మెత్తని పొడిని మోసుకొస్తుంది. ఆ పొడి అడుగున పేరుకొనే వేగం హిమానీనదం ముఖం దగ్గర ఏడాదికి చదరపు మీటరుకు 20 కిలోల వరకూ ఉంటుందనీ, ఫియోర్డు మూతి దగ్గర అందులో నూరో వంతు, అంటే 200 గ్రాముల దాకానే ఉంటుందనీ 2000 దశకం మొదట్లో వెలువడిన అంచనాలు చెబుతున్నాయి. ఇరవై కిలోమీటర్ల దూరంలోనే ఇంతటి తేడా ఉన్నందువల్ల, అడుగున బతికే జీవుల తీరు కూడా ఆ దూరంలోనే పూర్తిగా మారిపోతుంది.

హిమానీనదం దగ్గర బురద నిలకడగా ఉండదు. పైనుంచి ఎప్పుడూ కొత్త పొర పడుతూ ఉంటుంది, కిందిది జారుతూ ఉంటుంది, తెగిపడ్డ మంచుగడ్డలు నేలను దున్నుకుంటూ పోతాయి. నీటిని వడకట్టి ఆహారం తీసుకొనే జీవులకు అక్కడ ఊపిరి సలపదు. ఒకచోట అతుక్కొని పెరిగే స్పాంజీలు, పగడపు జాతులు కుదురుకోలేవు. చిన్నగా ఉండి, కదలగలిగి, బురదలోని సేంద్రియ పదార్థాన్ని తిని బతికే యోల్డియెల్లా, థయసీరా వంటి బుల్లి ఆల్చిప్పలు, కొన్ని రకాల వలయపురుగులు మాత్రమే అక్కడ నెగ్గుకొస్తాయి. మూతి వైపు వెళ్లేకొద్దీ జాతుల సంఖ్య పెరుగుతుంది, గొట్టాలు కట్టుకొని ఒకేచోట ఉండే పురుగులు కనిపిస్తాయి, బురదలో లోతుగా బొరియలు చేసే జీవులు చేరతాయి. రాతి ఒడ్ల వెంబడి, వెలుతురు అందే లోతుల్లో, కెల్ప్ అనే పెద్ద నాచు అడవులు ఉంటాయి. ఈ క్రమాన్ని పోలండ్ పరిశోధకులు ఏళ్ల తరబడి నమూనాలు తీసి వివరంగా చూపించారు.

బయటి వైపు నుంచి వచ్చే ప్రభావం మరొకటి. చాలా ఫియోర్డుల మూతి దగ్గర నీటి కింద గడప లాంటి ఎత్తు ఉంటుంది. ఒకప్పటి హిమానీనదం విడిచిపెట్టిన మట్టిదిబ్బో, రాతిగట్టో అయిన ఆ గడప బయటి సముద్రపు లోతునీటిని లోపలికి రానివ్వదు. కాంగ్స్‌ఫియోర్డ్ మూతికి అలాంటి అడ్డు లేదు. అందువల్ల స్పిట్స్‌బెర్గెన్ పడమటి తీరం వెంట ఉత్తరానికి సాగే గోరువెచ్చని, ఉప్పగా ఉండే అట్లాంటిక్ నీరు గాలుల అనుకూలతను బట్టి లోపలికి చొరబడగలదు. 2006 శీతకాలంలో అది పెద్ద ఎత్తున జరిగింది. ఆ తరువాతి శీతకాలాల్లో ఫియోర్డు మధ్యభాగం గట్టిగా గడ్డకట్టడం అరుదైపోయింది. కాబట్టి కాంగ్స్‌ఫియోర్డ్ ఆవాసాల పటం అంటే హిమానీనదానికీ అట్లాంటిక్‌కూ మధ్య, ఆ రెండింటి బలాబలాలను బట్టి జరుగుతూ ఉండే హద్దుల పటం.

గడపల సంగతి గ్రీన్‌లాండ్‌లో ఇంకా స్పష్టంగా తెలిసివచ్చింది. 2019లో మంచును చీల్చుకొని వెళ్లే స్వీడన్ నౌక ఓడెన్ ఉత్తర గ్రీన్‌లాండ్‌లోని షెరార్డ్ ఆస్బోర్న్ ఫియోర్డులోకి వెళ్లి అడుగును కొలిచినప్పుడు, రైడర్ హిమానీనదానికి ముందు నీటి కింద గట్టు ఉందనీ, వెచ్చని అట్లాంటిక్ నీరు మంచును చేరకుండా అది కొంతమేరకు అడ్డుకుంటోందనీ బయటపడింది. అంతకుముందు ఆ ఫియోర్డు లోతులు పటాల్లోకి ఎక్కనే లేదు. అడుగు ఆకారం తెలియకుండా మంచు భవిష్యత్తును లెక్కకట్టే నమూనాలు ఎంత గుడ్డిగా పనిచేస్తాయో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అడుగు ఆకారాన్ని కొలిచే ముఖ్యమైన సాధనం మల్టీబీమ్ ఎకోసౌండర్. పడవ అడుగున అమర్చిన ఈ పరికరం ధ్వనిని విసనకర్రలా అడ్డంగా విప్పి పంపి, ఒక్కో కోణంలో తిరిగి వచ్చిన ప్రతిధ్వనికి పట్టిన సమయాన్ని బట్టి లోతును లెక్కిస్తుంది. 120 డిగ్రీల విస్తారంలో ధ్వనిని పంపే పరికరం 100 మీటర్ల లోతులో ఒక్క దాటులో సుమారు 350 మీటర్ల వెడల్పు పట్టీని కొలుస్తుంది. లోతు తగ్గితే పట్టీ కూడా అదే నిష్పత్తిలో సన్నబడుతుంది కాబట్టి, కెల్ప్ అడవులు ఉండే లోతు తక్కువ ఒడ్లను కొలవడానికే ఎక్కువ కాలం పడుతుంది. అక్కడ రాళ్లకు పడవ తగిలే ప్రమాదం కూడా ఎక్కువ. జీవసంపద ఎక్కువగా ఉన్న ఈ అంచులే చాలా పటాల్లో తెల్లగా మిగిలిపోవడానికి కారణం ఇదే.

ఫియోర్డుల్లో ఈ పద్ధతికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉంది. నీటిలో ధ్వని వేగం ఉష్ణోగ్రతను, లవణీయతను, లోతును బట్టి సెకనుకు సుమారు 1,400 నుంచి 1,500 మీటర్ల మధ్య మారుతుంది. బయటి సముద్రంలో ఒకసారి ధ్వని వేగాన్ని కొలిస్తే కొన్ని గంటలపాటు దాన్నే వాడుకోవచ్చు. హిమానీనదం ముందున్న ఫియోర్డులో అలా కుదరదు. పైన చల్లని మంచినీటి పొర, దాని కింద ఉప్పునీరు, ఇంకా కింద వెచ్చని అట్లాంటిక్ నీరు ఉండి, ఆ పొరల మందం కిలోమీటరుకూ గంటకూ మారుతూ ఉంటుంది. పొర మారిన ప్రతిచోటా వాలుగా వెళ్లే ధ్వనికిరణం వంగుతుంది. ఆ వంపును సరిగా లెక్కలోకి తీసుకోకపోతే, చదునైన బురదనేల పట్టీ అంచుల్లో పైకో కిందికో వంగినట్టు పటంలో కనిపిస్తుంది. అలాంటి కల్పిత గట్లను నిజమైనవిగా భావించి వాటికొక ఆవాసం పేరు పెట్టే ప్రమాదం ఉంది కాబట్టి, జాగ్రత్త గల బృందాలు కొలత మధ్యలో మాటిమాటికీ పడవ ఆపి నీటి ఉష్ణోగ్రత, లవణీయతలను పైనుంచి కిందిదాకా కొలుస్తాయి.

లోతుతో పాటు ప్రతిధ్వని ఎంత బలంగా వచ్చిందో కూడా ఇదే పరికరం నమోదు చేస్తుంది. గట్టి రాయి, గులకరాళ్ల నుంచి ప్రతిధ్వని బలంగానూ, మెత్తని బురద నుంచి బలహీనంగానూ వస్తుంది. ఈ తేడాను బట్టి అడుగు పదార్థాన్ని విభజిస్తారు. అయితే ప్రతిధ్వని బలం ధ్వని తాకిన కోణం మీద, పరికరం వాడిన పౌనఃపున్యం మీద కూడా ఆధారపడుతుంది. వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు పడవలు తీసిన రికార్డులను సరిదిద్దకుండా పక్కపక్కన అతికిస్తే, రెండు సర్వేల మధ్య గీత రెండు ఆవాసాల మధ్య గీతలా కనిపిస్తుంది. రాళ్ల విషయంలో మరో మెలిక ఉంది. కరుగుతూ తేలివచ్చే మంచుగడ్డలు తమలో ఇరుక్కున్న రాళ్లను దారి పొడవునా బురదలోకి వదిలేస్తాయి. విశాలమైన బురదనేల మధ్య పడిన అలాంటి ఒక్క బండ మీద ఎనిమోన్లు (పువ్వుల్లా కనిపించే, రాతికి అంటుకొని ఉండే జంతువులు), స్పాంజీలు, నాచుజంతువులు గుంపుగా పెరుగుతాయి. ఒక డిగ్రీ వెడల్పు కిరణం 100 మీటర్ల లోతులో దాదాపు రెండు మీటర్ల మేర నేలను ఒక్కటిగా చూస్తుంది. 300 మీటర్ల లోతులో అది ఐదు మీటర్లు దాటుతుంది. జీవవైవిధ్యానికి ఆధారమైన ఆ బండ చాలాసార్లు ధ్వని పటంలో కనిపించనే కనిపించదు.

హిమానీనదం ముఖానికి దగ్గరగా వెళ్లడం ఇంకో సమస్య. పదుల మీటర్ల ఎత్తున్న మంచుగోడ ఏ క్షణంలోనైనా విరిగిపడుతుంది కాబట్టి మనుషులున్న పడవలు దూరంగానే ఉండిపోవాలి. మనుషులు లేకుండా నడిచే చిన్న పడవలు, నీటి కింద తమంతట తాము తిరిగే వాహనాలు ఈ మధ్య ఆ ఖాళీని కొంత పూరిస్తున్నాయి. మంచు వెనక్కి తగ్గుతున్నకొద్దీ ఇంతకుముందు ఎవరూ కొలవని నేల సముద్రంగా మారుతోంది. కాంగ్స్‌ఫియోర్డ్ ఉత్తరాన ఉన్న బ్లూమ్‌స్ట్రాండ్ భూభాగం పేరులో 'ద్వీపకల్పం' అన్న అర్థం ఇప్పటికీ ఉంది. దాన్ని ప్రధాన భూభాగంతో కలిపి ఉంచింది నేల కాదనీ హిమానీనదమనీ, మంచు తగ్గి నీరు బయటపడ్డాక, 1990ల్లో గాని తేలలేదు. కొత్తగా బయటపడిన అడుగు శాస్త్రానికి అపురూపమైనది. ఖాళీ నేల మీద ఏ జీవులు ముందు చేరతాయో, ఎన్నాళ్లకు ఏవి వాటిని తొలగించి వస్తాయో మొదటి ఏడు నుంచీ గమనించే వీలు అక్కడ ఉంటుంది. మొదటి ఏడు కొలవకపోతే ఆ వీలు మళ్లీ రాదు.

ధ్వని నేలను చూపుతుంది గాని, దాని మీదున్న ప్రాణిని చూపదు. అందుకే ఎంచుకున్న చోట్ల కెమెరా దించాలి, మట్టి తీయాలి. ఈ పనిని పెద్ద ఎత్తున క్రమబద్ధం చేసిన ఘనత 2005లో మొదలైన నార్వే 'మారేయానో' కార్యక్రమానిది. సముద్ర పరిశోధన సంస్థ, భూవిజ్ఞాన సర్వే, జలపటాల విభాగం ముగ్గురూ కలిసి నడిపే ఈ కార్యక్రమంలో ముందు మల్టీబీమ్‌తో కొలిచి, ఆపైన ఎంపిక చేసిన చోట్ల వందల మీటర్ల పొడవున వీడియో తీసి, కొన్నిచోట్ల బురదను తోడే గ్రాబ్‌లతో, అడుగు మట్టిని పెట్టెలా కోసి తీసే కోరర్లతో, అడుగున ఈడ్చే చిన్న ట్రాల్ వలలతో నమూనాలు సేకరిస్తారు. ఇన్ని పరికరాలు ఎందుకంటే ఏ ఒక్కటీ మొత్తాన్ని చూడలేదు. కెమెరాకు నేల పైనున్న నక్షత్రచేపలు, పీతలు, ఎనిమోన్లు కనిపిస్తాయి గాని బురదలోని పురుగులు కనిపించవు. గ్రాబ్ బురదలోని వాటిని పట్టుకుంటుంది గాని చదరపు మీటరులో పదో వంతు నేలను మాత్రమే తోడుతుంది, మధ్యలో రాయి అడ్డుపడితే దవడలు మూసుకోక ఖాళీగా తిరిగొస్తుంది. చిన్న ట్రాల్ వల అరుదైన జాతులను పట్టుకున్నా, అవి దారిలో ఏ మీటరు దగ్గర ఉన్నాయో చెప్పదు.

కెమెరాతో వచ్చే పక్షపాతం ఒకటి ఇటీవలే బాగా అర్థమైంది. న్యూ-ఓలెసుండ్‌లో అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా సూర్యుడు ఉదయించడు. ఆ చీకటి కాలంలో జీవులు దాదాపు నిద్రావస్థలో ఉంటాయన్న పాత నమ్మకాన్ని 2015లో కాంగ్స్‌ఫియోర్డ్ నుంచి వచ్చిన ఫలితాలు తోసిపుచ్చాయి. జంతుప్లవకాలు (నీటిలో తేలియాడే బుల్లి జంతువులు), చేపలు, పక్షులు, అడుగున తిరిగే జీవులు అప్పుడు కూడా చురుకుగానే తింటూ పెరుగుతూ ఉన్నాయి. తరువాత 2020లో ప్రచురితమైన అధ్యయనం పరిశోధన నౌక మామూలుగా వెలిగించే దీపాల వెలుగుకే 200 మీటర్ల లోతు దాకా చేపలు, ప్లవకాలు తమ కదలికలు మార్చుకుంటున్నాయని చూపింది. అంటే చీకట్లో దీపం వేసి లెక్కపెట్టినప్పుడు, దీపానికి బెదిరి తప్పుకున్నవి లెక్కలోకి రావు, దీపానికి ఆకర్షితమైనవి ఎక్కువగా వస్తాయి. ఆర్కిటిక్ అడుగుల గురించి ఇప్పటిదాకా తెలిసిన వాటిలో అధికభాగం వేసవి పగళ్లలో తెలుసుకున్నదే అన్న సంగతిని కూడా దీనితో కలిపి ఆలోచించాలి.

ఈ చెదురుమదురు గమనికల నుంచి నిండుపటం తయారయ్యేది గణితంతో. లోతు, వాలు, గరుకుదనం, ప్రతిధ్వని బలం, హిమానీనదం నుంచి దూరం, అడుగునీటి ఉష్ణోగ్రత వంటి లక్షణాలకూ వీడియోలో కనిపించిన జీవసమూహాలకూ ఉన్న సంబంధాన్ని కంప్యూటర్ నేర్చుకొని, ఎవరూ చూడని చోట్ల కూడా ఏ సమూహం ఉండవచ్చో చెబుతుంది. పద్ధతి మంచిదే, అది లేకుండా పటమే లేదు. చిక్కల్లా దాని నమ్మకాన్ని పరీక్షించే తీరులో వస్తుంది. ఒకే వీడియో దారిలోని పక్కపక్క బిందువుల్లో కొన్నింటిని నేర్పడానికీ, మిగిలినవాటిని పరీక్షించడానికీ వాడితే ఫలితం ఎంతో బాగా వస్తుంది, ఎందుకంటే పక్కపక్క మీటర్లు ఎలాగూ ఒకే తీరుగా ఉంటాయి. ఫియోర్డులో ఒక కొసన నేర్చుకున్నది మరో కొసన సరిపోతుందా అని పరీక్షిస్తేనే అసలు సంగతి తేలుతుంది. అందుచేత ఆవాసాల పటంతో పాటు, ఎక్కడ ఎంత నమ్మవచ్చో చూపే రెండో పటాన్ని కూడా ఇవ్వడం తప్పనిసరి నియమం కావాలి. చేపలవేటకు ఏ ప్రాంతం మూయాలి, ఏ ప్రాంతం తెరవాలి అని నిర్ణయించే అధికారికి మొదటి పటం కంటే ఆ రెండోదే ఎక్కువ అవసరం.

ఇక కాలం మాట. ఇక్కడ అతి విలువైన సాక్ష్యం పెద్ద నౌకల నుంచి రాలేదు. కాంగ్స్‌ఫియోర్డ్ మూతి దగ్గర క్వాడేహూకెన్ అనే చోట, 15 మీటర్ల లోతులో ఉన్న రాతినేల మీద గుర్తులు పెట్టిన కొద్ది చదరాలను నార్వే డైవర్లు 1980 నుంచి ఏటా ఫొటోలు తీస్తూ వచ్చారు. మొదటి పదిహేనేళ్లు అక్కడ సున్నపు నాచుపొర, ఎనిమోన్ల వంటి జీవులు మెల్లగా పెరుగుతూ తరుగుతూ ఉన్నాయి. 1995లో నిటారుగా పెరిగే నాచులు హఠాత్తుగా ఐదు రెట్లు పెరిగి నేలను కమ్మేశాయి, ఆ తరువాత పాత స్థితి తిరిగి రాలేదు. ఇంకా ఉత్తరాన ఉన్న స్మీరెన్‌బుర్గ్ ఫియోర్డులో అలాంటి మార్పే 2000లో ఎనిమిది రెట్లుగా జరిగింది. సముద్రపు వెచ్చదనం, మంచులేని రోజులు ఏళ్లపాటు క్రమంగానే పెరిగినా, జీవసమూహం మాత్రం ఒక హద్దు దాకా ఓర్చుకొని ఒక్కసారిగా మారిందన్నమాట. 1994లో ఒకసారి, 1996లో మరోసారి పటం గీసి ఉంటే, ఒకే చోటుకు రెండు వేర్వేరు ఆవాసాల పేర్లు వచ్చేవి, రెండూ సరైనవే అయ్యేవి.

అదే ఫియోర్డులో హాన్స్‌నేసెట్ దగ్గరి కెల్ప్ అడవిని 1990ల చివరలో కొలిచి, 2012-14 మధ్య మళ్లీ కొలిచినప్పుడు, దట్టమైన పెరుగుదల 5 మీటర్ల లోతు నుంచి 2.5 మీటర్ల లోతుకు జరిగిందని తేలింది. శీతకాలపు మంచు ఒడ్డును గీకడం తగ్గడంతో పైకి పెరగడానికి వీలు దొరికింది. మరోవైపు కరిగిన నీటితో వచ్చే మట్టి పెరిగి వెలుతురు తగ్గితే, లోతున పెరిగే అంచు పైకి జరగవలసి వస్తుంది. ఇక దక్షిణాన ఉన్న ఈస్‌ఫియోర్డ్‌లో 2004లో నీలి ఆల్చిప్పలు మళ్లీ కనిపించాయి. దాదాపు వెయ్యేళ్లుగా స్వాల్‌బార్డ్‌లో లేని ఆ జాతి అట్లాంటిక్ నీటితో పాటు లార్వాగా తేలివచ్చి స్థిరపడింది. జాతుల పాత జాబితాతో నేర్చుకున్న కంప్యూటర్ నమూనాకు అలాంటి అతిథి రాక ముందుగా తెలిసే దారి లేదు.

ఈ ఉదాహరణల నుంచి తేలే పనిమాట స్పష్టంగానే ఉంది. అడుగు ఆకారం దశాబ్దాలు నిలుస్తుంది, హిమానీనదం ముఖం దగ్గర తప్ప దాన్ని ఒకసారి బాగా కొలిస్తే చాలాకాలం పనికొస్తుంది. దాని మీదున్న జీవసమూహం అలా నిలవదు. రెండింటినీ ఒకే రంగుల పటంలో కలిపి ఒకే తేదీ వేయడం కంటే, ఆకారపు పటాన్ని పునాదిగా ఉంచి, దాని మీద ఎంపిక చేసిన కొద్ది చోట్లకు ఏటా, వీలైతే చీకటి కాలంలో కూడా, తిరిగి వెళ్లడం మేలు. విశాలంగా ఒకసారి చూసే పనికి నిధులు దొరికినంత తేలికగా, చిన్నచోటును ముప్పై ఏళ్లు చూసే పనికి దొరకవు. క్వాడేహూకెన్ ఫొటోల్లో ఏ ఒక్క ఏడాది ఫొటోకైనా విడిగా పెద్ద విలువ లేదు. ముప్పై ఏళ్లు వరుసగా ఉండడమే వాటి విలువ.

నీటి వైపు అలాంటి నిరంతర గమనం కొంత మొదలైంది. జర్మన్ సంస్థలు 2012 నుంచి న్యూ-ఓలెసుండ్ ఒడ్డున, లోతు తక్కువ నీటిలో, కేబుల్‌తో కలిపిన పరిశీలన కేంద్రాన్ని ఏడాది పొడవునా నడుపుతున్నాయి. దానిలోని జంట కెమెరాలు చేపలను కొలుస్తాయి. భారతదేశం 2014 జులైలో కాంగ్స్‌ఫియోర్డ్‌లో 192 మీటర్ల లోతులో 'ఇండార్క్' అనే పరికరాల గొలుసును లంగరు వేసింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రం, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ కలిసి దాన్ని రూపొందించాయి. అది ఉష్ణోగ్రత, లవణీయత, ప్రవాహాలను వివిధ లోతుల్లో వరుసగా నమోదు చేస్తుంది. ఈ గొలుసు జీవులను లెక్కపెట్టదు. అట్లాంటిక్ నీరు ఎప్పుడు వచ్చిందో, ఎన్నాళ్లు నిలిచిందో చెబుతుంది, అడుగున జరిగిన మార్పుకు కారణం వెదికేవారికి కావలసింది ముందుగా అదే. 2023 డిసెంబరు నుంచి హిమాద్రిలో శీతకాలపు బృందాలు కూడా ఉంటున్నందున, చీకటి నెలల్లో అడుగున జరిగేదాన్ని ఈ రికార్డుతో జతచేసి చూసే అవకాశం భారతీయ పరిశోధకులకు ఇప్పుడు ఉంది.

ఆర్కిటిక్ మొత్తాన్ని తీసుకుంటే కొలవవలసింది ఇంకా ఎంతో ఉంది. 1997లో మొదలైన ఆర్కిటిక్ సముద్రపు అంతర్జాతీయ లోతుల పటం 2020 నాటి నాలుగో కూర్పులో 200 మీటర్ల గడులతో వచ్చింది, తరువాతి కూర్పులో గడి 100 మీటర్లకు తగ్గింది. ఆ గడుల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ చుట్టుపక్కల కొలతల నుంచి లెక్కకట్టి నింపినవే. మామూలు ఫియోర్డులో 100 మీటర్ల గడి ఒక్కటే బురదనేలనూ, గట్టునూ, కెల్ప్ అంచునూ కలిపి మింగేస్తుంది. కాబట్టి జీవావాసాల కోసం ఫియోర్డులను విడిగా, సన్నని గడులతో కొలవక తప్పదు. ముందు కొలవవలసిన వరుసను నిర్ణయించేటప్పుడు, మంచు వేగంగా వెనక్కి తగ్గుతున్న ముఖాలకు మొదటి స్థానం ఇవ్వడం న్యాయం. నీటిలో ముగిసే హిమానీనదం ముందు మంచినీరు ఎగదన్నే చోట ఆహారం పైకి వస్తుంది. కిట్టివేక్ పక్షులు, వలయపు సీళ్లు, తెల్ల తిమింగలాలు అక్కడ గుమికూడుతాయి. హిమానీనదం ఒడ్డెక్కి నేల మీదే ముగిసే రోజు వస్తే ఆ ఎగదన్నడం ఆగిపోతుంది. అలా మారబోయే హిమానీనదాలు స్వాల్‌బార్డ్‌లో ఉన్నాయి. మారకముందు వాటి ముందున్న అడుగు ఎలా ఉందో నమోదు చేసే పనికి మాత్రం గడువు ఉంది.